ఇరవై ఏళ్ళ గుమ్మం ముందు

క్వీన్స్‌టౌన్‌లో క్యాసినో ఉందన్న సంగతి మా ఇంట్లో అందరికన్నా ముందు కనిపెట్టింది మా అమ్మాయే. ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు మార్చిలో అయిపోతాయి కాబట్టి 2025 ఏప్రిల్‌లో న్యూజిలాండ్ వెళ్దామని మావారూ నేనూ దసరా నాటికే అనుకున్నాం. ఆక్లాండ్‌లో మా చెల్లెలి కుటుంబం ఉంది. అక్కడ కాస్త ఆగి, దక్షిణ ద్వీపానికి వెళ్ళి, కొండల నడుమ సరస్సు ఒడ్డున ఉన్న క్వీన్స్‌టౌన్‌లో తీరిగ్గా గడపాలన్నది ఆలోచన. ఊరి మ్యాపు ఫోన్‌లో పెద్దది చేసి చూస్తూ, "బీచ్ స్ట్రీట్‌లో క్యాసినో ఉందమ్మా, నన్ను రానిస్తారా?" అని అడిగింది పదహారేళ్ళ పిల్ల.

ఆ మాట మా అత్తయ్య చెవిన పడింది. ఆవిడ పుట్టిల్లు భీమవరం దగ్గర. వాళ్ళ పెద్దన్నయ్య సంక్రాంతి కోడిపందేలతో మొదలుపెట్టి, తర్వాత ఏడాది పొడుగునా పేకాటకు మరిగి, కాలవ కింద నాలుగెకరాల మాగాణి పోగొట్టుకున్నాడు. ఆ పొలం పక్కనుంచి బస్సు వెళ్తుంటే ఆవిడ ఇప్పటికీ కిటికీ వైపు చూడదు. "డబ్బులు పోసి మరీ పిల్లని జూదాల ఊరికి తీసుకెళ్తారటే?" అంది. ఆవిడ భయాన్ని తీసిపారేయడానికి నాకు మనసొప్పలేదు. పెద్దమావయ్య కథ పిల్లకు ఎవరూ పూర్తిగా చెప్పలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తయ్యే చెప్పింది, అప్పులవాళ్ళు గుమ్మంలో కూర్చున్న రోజు దాకా. మా ప్రయాణానికి అసలు ఏర్పాట్లు అక్కడే మొదలయ్యాయి.

చట్టం ఏమంటుందో నేను చూశాను. న్యూజిలాండ్‌లో క్యాసినోలకు దారి తెరిచింది 1990 నాటి చట్టం. మొదటిది 1994లో క్రైస్ట్‌చర్చ్‌లో, ఆ తర్వాత 1996లో ఆక్లాండ్‌లో వచ్చాయి. డునెడిన్, క్వీన్స్‌టౌన్, హామిల్టన్ వాటి వెనక. 2003లో వచ్చిన జూద చట్టం ఇక కొత్త క్యాసినోకు లైసెన్సు ఇచ్చేది లేదని తేల్చేసింది. ఇరవై నిండనివాళ్ళు ఆడటం సంగతి అటుంచి, ఆట జరిగే చోట అడుగు పెట్టడానికే వీల్లేదు. అమ్మానాన్నా వెంట ఉన్నా అంతే. మన గోవాలో మాండవి నది మీద తేలే క్యాసినోలకు ఆ వయసు 21. వారాంతం వస్తే మన ఊళ్ళ నుంచి గోవా బస్సు ఎక్కేవాళ్ళకు తెలిసిన లెక్కే. అమ్మాయితో ఇలా అన్నాను: "నువ్వు రాకూడదు. నాన్నా నేనూ ఒకరి తర్వాత ఒకరం వెళ్ళి చూసొస్తాం. ఏం చూశామో దాచకుండా చెప్తాం." సరేనంది.

ఈ వయసు పిల్లలతో ప్రయాణం కట్టడంలో పెద్ద చిక్కేమిటంటే, వాళ్ళు ఒక చోట చిన్నపిల్లలు, ఇంకో చోట పెద్దవాళ్ళు. క్వీన్స్‌టౌన్ దగ్గరి కవరావు వంతెన మీద నుంచి, కాళ్ళకు సాగే తాడు కట్టుకుని బంజీ దూకడానికి పదేళ్ళు నిండితే చాలు. 134 మీటర్ల ఎత్తున్న నెవిస్ బంజీకి పదమూడు. క్యాసినోకు ఇరవై. చిన్నపిల్లల టికెట్టేమో ఒక్కో చోట ఒక్కో వయసుకు ఆగిపోతుంది, పదహారేళ్ళ పిల్లకు పెద్దల టికెట్టే అనుకుని డబ్బు సర్దుకోవడం మేలు. మేం ఇంట్లో ఒక ఒప్పందం చేసుకున్నాం: ఒక్కొక్కరూ ఒక్కొక్కటి ఎంచుకోవాలి, మిగతా ఇద్దరూ సణగకుండా వెంట రావాలి. మావారు మిల్ఫర్డ్ సౌండ్ అన్నారు. నేను బంగారం దొరికిన పాత ఊరు ఆరోటౌన్ అన్నాను. అమ్మాయి తల ఎత్తకుండా "బంజీ" అంది.

వీసాకు ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేసుకోవాలి. వీసా రుసుముతో పాటు పర్యాటక సుంకం కూడా ఉంటుంది. 2024 అక్టోబరు నుంచి అది 35 నుంచి 100 న్యూజిలాండ్ డాలర్లకు పెరిగింది, పిల్లలకూ మినహాయింపు లేదు. ఇక తిండి. ఆ దేశం తన పంటలనూ పశువులనూ బయటి తెగుళ్ళ నుంచి కంటికి రెప్పలా కాపాడుకుంటుంది. పెట్టెలో ఉన్న తినే వస్తువు ప్రతిదీ రాసి ఇవ్వాలి, రాయకుండా పట్టుబడితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. అత్తయ్య నేతితో చుట్టిన సున్నుండలు ఇంట్లోనే వదిలేసి, సీలు వేసిన ఆవకాయ ప్యాకెట్టూ కందిపొడీ మాత్రం పట్టుకెళ్ళి, రెండూ కాగితంలో రాశాం. అధికారి వాటిని తిప్పి చూసి, మర్యాదగా తిరిగి ఇచ్చేశాడు.

ఆక్లాండ్ నడిబొడ్డున స్కై టవర్. 1997లో తెరిచారు, 328 మీటర్లు. దాని మొదట్లోనే క్యాసినో, హోటళ్ళు, భోజనశాలలు, సినిమాల కోసం బొమ్మలూ ఆయుధాలూ తయారు చేసే వేటా వర్క్‌షాప్ వారి ప్రదర్శన, అన్నీ ఒకే ఆవరణలో. మావాళ్ళిద్దరూ 192 మీటర్ల ఎత్తున టవర్ చుట్టూ చేతిపట్టు లేని అరుగు మీద తాడు కట్టుకుని నడిచారు. నేనూ చెల్లెలూ కింద నిలబడి మెడలు నొప్పి పుట్టేదాకా పైకి చూశాం.

చెల్లెలి భర్త, మా మరిది, ఆ ఊళ్ళో చాలా ఏళ్ళుగా ఉంటున్నాడు. టవర్ దగ్గరి క్యాసినో కథ అతనే చెప్పాడు. నగరానికి పెద్ద సమావేశ మందిరం కావాలని ప్రభుత్వం అనుకుందట. సొంత ఖర్చుతో కట్టిస్తామని ఆ క్యాసినో సంస్థ ముందుకొచ్చింది. బదులుగా 230 అదనపు జూదయంత్రాలు పెట్టుకోవడానికీ, లైసెన్సు 2048 దాకా పొడిగించుకోవడానికీ 2013లో ఒప్పందం కుదిరింది. కడుతుండగానే 2019లో మంటలంటుకుని పని ఏళ్ళ తరబడి వెనకబడింది. "సర్కారుకి డబ్బుల్లేక మెషిన్లు ఇచ్చిందా బాబాయ్?" అని అడిగింది మా అమ్మాయి. అలాంటి బేరం చేయొచ్చా అని ఆ రోజుల్లో ఇక్కడ పెద్ద గొడవే జరిగిందని చెప్పాడు మరిది. ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఒక ఆటగాడు ఆపకుండా గంటల తరబడి ఆడుతున్నా సిబ్బంది గుర్తించలేదన్న ఫిర్యాదు మీద విచారణ జరిగి, అదే క్యాసినోను 2024 సెప్టెంబరులో ఐదు రోజులు మూసి ఉంచారు. ఆడినవాడి తప్పే తప్ప ఆడించినవాడి తప్పు ఎన్నడూ లెక్కలోకి రాని చోట పెరిగిన నాకు ఈ కబురు మనసులో నిలిచిపోయింది. పెద్దమావయ్య బరి దగ్గర రాత్రంతా కూర్చుంటే ఇక చాలు ఇంటికి వెళ్ళమని అనాల్సిన బాధ్యత ఎవరికీ లేదు.

ఆక్లాండ్ నుంచి క్వీన్స్‌టౌన్‌కు విమానంలో రెండు గంటలలోపే. దిగేముందు రెక్కలకు రెండు పక్కలా కొండలే కనిపిస్తాయి. వకటిపు సరస్సు 80 కిలోమీటర్ల పొడవు, మెలికలు తిరిగిన సన్నటి సరస్సు, న్యూజిలాండ్‌లో అన్నిటికన్నా పొడవైనది. దాని నీటిమట్టం అరగంట లోపే కొద్దిగా పెరిగి తగ్గుతూ ఉంటుంది. ఒక యువతిని ఎత్తుకుపోయిన మతావు అనే రాక్షసుణ్ణి నిద్రలో ఉండగా ఒక వీరుడు తగలబెట్టాడనీ, మంటకు కరిగిన చోట సరస్సు ఏర్పడిందనీ, కాలని గుండె ఇంకా అడుగున కొట్టుకుంటోందనీ మావోరీలు చెప్పుకుంటారు. అమ్మాయి ఒడ్డున ఒక రాయిని గుర్తు పెట్టుకుని, నీళ్ళు దాన్ని తాకే దాకా కూర్చుంది.

ఏప్రిల్ అక్కడ శరదృతువు. మనకు ఎండలు మండే నెలలో ఆ ఊరి చెట్లన్నీ పసుపు రంగులోకి తిరుగుతాయి. మంచు ఆటలు కావాలంటే జూన్ నుంచి ఆగస్టు దాకా వెళ్ళాలి, అప్పుడు మన పిల్లలకు కాలేజీలుంటాయి. పిల్లల చదువుల లెక్కన ఏప్రిల్ కన్నా మంచి నెల లేదు. పగలు ఒక స్వెట్టరు సరిపోతుంది, రాత్రి చలి మాత్రం గట్టిదే.

ఊరి రేవు నుంచి 1912 నాటి ఎర్న్‌స్లా ఆవిరి ఓడ ఇప్పటికీ బొగ్గుతోనే నడుస్తోంది. పైనుంచి కిందికి చూస్తే ఇంజను గది కనిపిస్తుంది. ఇత్తడి మెరుపులు, నూనె వాసన, పారతో బొగ్గు వేసే మనిషి ముఖం మీద మంట వెలుగు. ఫోన్ తీయకుండా అమ్మాయి ఒక చోట అంతసేపు నిలబడటం నేను చాలాకాలం తర్వాత చూశాను.

కవరావు వంతెన ఊరికి దూరమేమీ కాదు. బంగారు గనుల కాలంలో, 1880లో కట్టిన వేలాడే వంతెన. కింద నది పచ్చటి నీలం. ఈఫిల్ టవర్ మీద నుంచి 1987లో దూకి పోలీసుల చేతికి చిక్కిన ఎ.జె. హాకెట్, తన మిత్రుడు హెన్రీ వాన్ ఆష్‌తో కలిసి 1988 నవంబరులో ఇక్కడ శాశ్వతంగా బంజీ వ్యాపారం మొదలుపెట్టాడు. ఎత్తు 43 మీటర్లు. వనువాటులోని పెంటెకోస్ట్ దీవిలో యువకులు కాళ్ళకు తీగలు కట్టుకుని ఎత్తైన మంచెల మీద నుంచి దూకే ఆచారం దీనికి మూలం.

లోపల మొదట పిల్లను తూకం వేశారు. ఆ అంకెను ఆమె చేతి వెనక ఎర్ర సిరాతో రాశారు. వంతెన మీద ఇంకోసారి అడిగి, చేతి మీది అంకెతో సరిచూసుకుని, ఆ బరువుకు తగిన తాడు తీశారు. చీలమండలకు తువ్వాలు చుట్టి, పట్టీలు బిగించి, ఒకరు కట్టిన ముడిని ఇంకొకరు పరీక్షించారు. నీళ్ళు తాకాలా వద్దా అని అడిగారు. ఇష్టం లేకపోతే ఇప్పుడైనా వెనక్కి వెళ్ళొచ్చని చెప్పారు. అంచున బొటనవేళ్ళు గాలిలోకి పెట్టి నిలబడ్డ పిల్ల ఒకసారి మా వైపు చూసింది. మావారు తల ఊపారు. నేను ఊపలేదు, ఆపనూ లేదు. దూకింది.

కింద తెప్ప మీదికి దించి ఒడ్డుకు చేర్చాక మెట్లెక్కి వస్తూ, "మొత్తం చెప్పారమ్మా. ఏం జరుగుతుందో ముందే అంతా చెప్పారు. భయం నాది, తాడు లెక్క వాళ్ళది" అంది. ఈ మాట సాయంత్రం మళ్ళీ పనికొచ్చింది.

ఆ సాయంత్రమే బీచ్ స్ట్రీట్‌కు వెళ్ళాం. సినిమాల్లో చూపించే లాస్ వేగాస్ లాంటిది ఊహించుకుని వెళ్తే ఇక్కడ అదేమీ కనిపించదు. దుకాణాల వరసలో ఒక గుమ్మం, అంతే. క్వీన్స్‌టౌన్‌కు క్యాసినో ఒక పక్క వీధి సంగతి మాత్రమే, ఊరి బతుకంతా కొండతోనూ సరస్సుతోనూ. ముందు మావారు వెళ్ళారు. ఇరవై డాలర్లు పెట్టి మెషిన్ మీద ఆడి చూశారు, పావుగంట కూడా పట్టలేదు ఆ డబ్బు అయిపోవడానికి. తర్వాత పాస్‌పోర్టు పట్టుకుని నేను వెళ్ళాను. "ఎవరైనా నవ్వుతున్నారేమో చూడమ్మా" అని చెప్పి పంపింది మా అమ్మాయి.

బల్లల దగ్గర నవ్వులున్నాయి. ముక్కలు పంచే అమ్మాయితో మాటలు కలుపుతున్నారు, గెలిచినవాడి వీపు తడుతున్నారు. మెషిన్ల దగ్గర లేవు. పక్కపక్కనే కూర్చున్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. నా ముందున్న పెద్దావిడ బొత్తాం మీద వేలు తీయకుండా ఆడుతోంది, గెలిచిన మోత వచ్చినా ఆవిడ ముఖంలో మార్పు లేదు. ఆ దేశంలో ప్రతి జూదయంత్రమూ అరగంటకు మించకుండా ఒకసారి ఆట ఆపి, ఎంతసేపటి నుంచి ఆడుతున్నారో, ఎంత గెలిచారో, ఎంత పోగొట్టుకున్నారో తెర మీద చూపించి, ఇంకా ఆడతారా అని అడగాలి. 2009 నుంచి ఇది నియమం. నన్ను లోపలికి రానివ్వొద్దని ఎవరైనా తమంతట తాము రాసిస్తే, రెండేళ్ళ దాకా ఆ మనిషిని గుమ్మంలోనే ఆపాలని కూడా 2003 చట్టంలో ఉంది. అత్తయ్య వాళ్ళన్నయ్య అలాంటి కాగితం మీద సంతకం పెట్టేవాడా? పెట్టేవాడనే నాకనిపిస్తుంది. పొలం పోయిన ఏడాది ఆయన తన చెప్పులు తానే భార్య చేతికిచ్చి దాచేయమనేవాడట, సాయంత్రం కాళ్ళు బయటికి లాగకుండా.

బయటికొచ్చి చూసింది చూసినట్టు చెప్పాను. సరస్సు ఒడ్డున రాళ్ళ మీద కూర్చుని వేడి బంగాళాదుంప చిప్స్ తింటున్నాం. అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తీసి తన స్నేహితుల గ్రూపు చూపించింది. ఐపీఎల్ రోజులవి. మన రాత్రి ఏడున్నర మ్యాచ్ అక్కడ తెల్లవారుజామున రెండింటికి మొదలవుతుంది, పొద్దున్నే లేచేసరికి గ్రూపు నిండా ఎవరికి ఎంత వచ్చింది, ఎవరికి ఎంత పోయింది అన్న మాటలే. తన క్లాసులో ఒక అబ్బాయి కాలేజీ ఫీజు కట్టమని నాన్న ఇచ్చిన డబ్బు బెట్టింగ్ యాప్‌లో పెట్టి పోగొట్టుకుని, రెండు నెలలుగా ఇంట్లో అబద్ధాలు చెబుతున్నాడట. "ఇక్కడ బంజీ వాళ్ళు నా బరువు రెండుసార్లు చూశారు. క్యాసినో వాళ్ళు నా వయసు చూస్తారు. వాడి ఫోన్ వాడి వయసు కూడా అడగలేదు నాన్నా" అంది.

మావారు ఆ అబ్బాయికి ఎలా సాయపడాలో మాట్లాడారు. ముందు తండ్రికి చెప్పించాలని తేల్చుకున్నాం. అక్కణ్ణుంచే అమ్మాయి వాడితో మాట్లాడింది. వాడు ఆ రాత్రే ఇంట్లో చెప్పాడు. తిట్లు పడ్డాయి గానీ ఫీజు కట్టేశారు.

మనకు చట్టాలు లేక కాదు. ఆన్‌లైన్ పేకాటను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. రమ్మీ నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టు 1960ల చివర్లో చెప్పిన తీర్పు కూడా మన సికింద్రాబాద్ క్లబ్బు కేసులోనే. ఆ తీర్పు నీడలోనే యాప్‌లు పెరిగాయి. మేం తిరిగొచ్చాక, 2025 ఆగస్టులో, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. మంచిదే. అయినా వేరే దేశాల్లో కూర్చుని నడిపే బెట్టింగ్ యాప్‌లు పిల్లల ఫోన్లలోకి ఏదో ఒక సందు వెతుక్కుంటూనే ఉన్నాయి.

మర్నాడు ఆరోటౌన్. 1862లో ఆరో నదిలో బంగారం బయటపడగానే జనం ఎగబడ్డ చోటు. కొన్నేళ్ళకు చైనీయులను కూడా బంగారం తవ్వడానికి పిలిపించారు. వాళ్ళ గుడిసెలు నది పక్కన కొండరాయికి ఆనుకుని ఇంకా ఉన్నాయి, మనిషి వంగి దూరాల్సినంత గుమ్మాలు. అహ్ లమ్ అనే ఆయన కొట్టు కూడా ఉంది. 1881లో చైనీయుల మీద మాత్రమే తలపన్ను వేశారు, 1896లో దాన్ని 100 పౌన్లకు పెంచారు. ఆ అన్యాయానికి ప్రధాని హెలెన్ క్లార్క్ 2002లో ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. అమ్మాయి అద్దెకు తెచ్చిన పళ్ళెంతో నదిలో ఇసుక గాలించింది. చేతులు మొద్దుబారేదాకా గాలించినా నల్ల ఇసుకే మిగిలింది. పైన చెట్లు మాత్రం పసుపుపచ్చగా వెలిగిపోతున్నాయి, నాకు ఆ ప్రయాణం మొత్తంలో అన్నిటికన్నా నచ్చిన మధ్యాహ్నం అదే. మిల్ఫర్డ్ సౌండ్‌కు రోడ్డు మీద పోనూ రానూ రోజంతా పడుతుంది. హోమర్ సొరంగం దాటాక కొండల మీద నుంచి జలపాతాలు తిన్నగా సముద్రంలోకి దూకుతాయి. మావారు దాని గురించి వేరే రాస్తానన్నారు, నేను రాయను.

పిల్లలతో ఈ ఊరు వెళ్ళాలనుకునేవాళ్ళకు నా మాట ఒక్కటే. పిల్లకు పదమూడు నిండాక, ఇరవై రాకముందు వెళ్ళండి. ఏప్రిల్ ఎంచుకోండి, వీసాకు డిసెంబరు, జనవరిలోనే దరఖాస్తు పెట్టండి. క్యాసినో ఉన్న వీధిని తప్పించి తిప్పకండి, దాని ముందు నిలబడి పిల్లలు అడిగినవాటికి జవాబు చెప్పండి. ఇంట్లో పెద్దమావయ్యల కథలుంటే విమానం ఎక్కకముందే చెప్పించండి. వాళ్ళ ఫోన్‌లో ఏం నడుస్తోందో వాళ్ళంతట వాళ్ళు చూపించే సాయంత్రం ఒకటి ఉంటుంది, ఆ సాయంత్రానికి ఇంకే టికెట్టూ కొనిపెట్టుకోకండి.